బళ్ల వేగం పెరిగింది, పొద్దుటి ప్రయాణం మాత్రం సాగుతూనే ఉంది

సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో రైళ్ల గరిష్ఠ వేగాన్ని దక్షిణ మధ్య రైల్వే 2022లో గంటకు 130 కిలోమీటర్లకు పెంచింది. ఆ తర్వాతి సంక్రాంతికి, 2023 జనవరి 15న, అదే పట్టాల మీద సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. 699 కిలోమీటర్ల దూరానికి ఎనిమిదిన్నర గంటలు. మొదట ప్రకటించిన టైంటేబుల్ ప్రకారం మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో కదిలితే వరంగల్‌కు గంటా ముప్పై అయిదు నిమిషాలు, విజయవాడకు నాలుగు గంటలు. దూరప్రయాణికులకు ఇది నిజంగా మంచి మార్పు, కాదనేవారెవరూ లేరు. కానీ అదే దారిలో జనగామలోనో, ఆలేరులోనో, భువనగిరిలోనో పొద్దున్నే పాస్ జేబులో పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడే మనిషి సంగతి వేరు. అతను ఎక్కే బండి 130 దగ్గరికి పోదు. అతని ఊళ్లో వందే భారత్ ఆగదు. ఆగే వరంగల్ నుంచైనా అది ఆఫీసువేళకు నగరం చేరదు. విశాఖలో పొద్దున 5:45కు బయల్దేరిన బండి సికింద్రాబాద్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. రోజూ అప్ అండ్ డౌన్ చేసే జనానికి ఈ వేగంలో వాటా రాలేదు. పైగా ఆ వేగం కోసం వాళ్ల నిమిషాలు కొన్ని ఖర్చయ్యాయి. పట్టాలు చాలకపోవడం ఇందుకు ఒక కారణం మాత్రమే. ఎవరి సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిది వదిలేయాలి అన్న నిర్ణయం అంతకన్నా పెద్ద కారణం. ఈ వ్యాసంలో నేను వాదించేది అదే.

ముందు ఈ జనం ఎవరో చూడాలి. రైల్వే సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తుంది. తెలుగు నేల మీద ఈ దూరంలో ఇమిడే జంట ఊళ్లు చాలా ఉన్నాయి. వరంగల్–సికింద్రాబాద్ 142 కిలోమీటర్లు. ఏలూరు–విజయవాడ 60. గుంటూరు–విజయవాడ, తెనాలి–విజయవాడ, అనకాపల్లి–విశాఖపట్నం ముప్పై చిల్లర. ఈ దారుల్లో రోజూ తిరిగేవాళ్లలో ప్రభుత్వ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు, పాలు, కూరగాయలు అమ్మేవాళ్లు, మేస్త్రీ పనికి వెళ్లేవాళ్లు ఉంటారు. నగరంలో ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత లేకనో, ఊళ్లో ముసలి తల్లిదండ్రుల్ని వదలలేకనో ఊరిని, ఉద్యోగాన్ని కలిపి బతుకుతున్నవాళ్లు వీళ్లు. ఆ రెంటినీ కలిపి ఉంచుతున్నది పొద్దుటి బండి ఒక్కటే. అది అరగంట ఆలస్యమైతే హాజరు పట్టీలో లేటు మార్కు పడుతుంది, ఫస్ట్ అవర్ క్లాసు పోతుంది, అడ్డా మీద కూలీకి ఆ రోజు పనే దొరకదు.

కోవిడ్ కాలాన్ని దాటి ఈ ప్రశ్నను చూడలేం. 2020 మార్చిలో ప్యాసింజర్ బళ్లన్నీ ఆగిపోయాయి. నెమ్మదిగా తిరిగి మొదలుపెట్టినప్పుడు వాటిలో చాలావాటిని ‘ఎక్స్‌ప్రెస్ స్పెషల్’ అన్న పేరుతో నడిపారు. కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30 రూపాయలైంది. బండి అదే, బోగీలు అవే, ఆగే స్టేషన్లు కూడా చాలాచోట్ల అవే. వేగం మాత్రం పెరగలేదు. జనరల్ బోగీలను సైతం రిజర్వేషన్ బోగీలుగా మార్చడంతో పాస్ ఉన్నవాళ్లకు పగటి ఎక్స్‌ప్రెస్‌లు చాలా నెలలు అందకుండా పోయాయి. పాత చార్జీలు మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరి చివర్లో. అంటే మూడేళ్లకు పైగా రోజువారీ ప్రయాణికుడు ఎక్స్‌ప్రెస్ డబ్బు కట్టి ప్యాసింజర్ నడక నడిచాడు. ఆ కాలంలోనే ఐఐటీ బొంబాయి సాయంతో టైంటేబుల్‌ను మొదటినుంచి తిరగరాసే పని జరిగింది. దూరపు బళ్లు వేగంగా పోవాలన్నది దాని లక్ష్యం. లక్ష్యం తప్పని అనను. కానీ ఆ మథనంలో ‘పొద్దున తొమ్మిదిన్నరకల్లా నగరం చేరే బళ్లు ఎన్ని’ అన్న ప్రశ్నకు చోటు దక్కినట్టు ఫలితాల్లో ఎక్కడా కనబడదు.

పేరులోనే వేగం ఉండడం కొత్త జబ్బు కాదు. గంటకు 55 కిలోమీటర్ల సగటు ఉంటే రైల్వే దాన్ని సూపర్‌ఫాస్ట్ అంటుంది, అందుకు అదనపు చార్జీ తీసుకుంటుంది. 2013–16 మధ్య ఉత్తర మధ్య, దక్షిణ మధ్య రైల్వేల్లో 21 సూపర్‌ఫాస్ట్ బళ్లు చాలా రోజులు ఆ వేగం అందుకోకపోయినా ప్రయాణికుల దగ్గర 11.17 కోట్ల రూపాయల సర్‌చార్జీ వసూలైందని కాగ్ తేల్చింది. తర్వాత రైళ్ల సమయపాలన మీద ఇచ్చిన మరో నివేదికలో ఇంకా లోతుకు వెళ్లింది. 478 సూపర్‌ఫాస్ట్ బళ్లలో 123కు టైంటేబుల్‌లో రాసుకున్న వేగమే 55 కన్నా తక్కువ. అంటే అవి ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా నడిచినా సూపర్‌ఫాస్ట్‌లు కావు. 2008–19 మధ్య రెండున్నర లక్షల కోట్ల రూపాయలు పెట్టినా మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్ల సగటు వేగం 2019–20లో గంటకు 50.6 కిలోమీటర్ల దగ్గరే ఉంది. బళ్ల సగటు వేగం పెంచడానికి రైల్వే తెచ్చిన మిషన్ రఫ్తార్ పెట్టుకున్న లక్ష్యం 75. మామూలు ప్యాసింజర్ బళ్ల సగటు ముప్పై మూడు, ముప్పై నాలుగు. సరుకు బళ్ల సగటు 23.6. డబ్బు పెట్టగానే వేగం రాలేదన్నది ఈ అంకెల్లో తేలే మొదటి సంగతి. వచ్చిన కాస్త వేగాన్ని కూడా అందరికీ సమానంగా పంచలేదన్నది రెండోది.

నిమిషాలు ఎక్కడ పోతాయో దగ్గరగా చూద్దాం. పొద్దుటి బండి ఒక చిన్న స్టేషన్‌కు వస్తోంది, వెనక నుంచి వేగంగా పోయే బండి తరుముకొస్తోంది. స్టేషన్ మాస్టర్ మన బండిని మెయిన్ లైన్ మీద ఉంచలేడు, పక్క పట్టాకు, అంటే లూప్‌లోకి, తీసుకోవాలి. పట్టా మారే పాయింట్ల మీద వేగం 30కి పడిపోతుంది. వెనక బండికి కొన్ని కిలోమీటర్ల ముందునుంచే పచ్చ సిగ్నళ్లు దొరకాలి కాబట్టి మన బండి చాలా ముందుగానే లూప్‌లో సర్దుకోవాలి. అది దూసుకుపోయాక కూడా వెంటనే కదలడానికి వీల్లేదు. ముందున్న సెక్షన్ ఖాళీ అయితేగానీ సిగ్నల్ పడదు. పడ్డాక మళ్లీ 30లో పాయింట్లు దాటి, బరువైన లోకో వేగం పుంజుకోవాలి. రెండు నిమిషాల హాల్టు పదిహేను, ఇరవై నిమిషాలవుతుంది. జనం దిగి ప్లాట్‌ఫాం మీద నిలబడి సిగ్నల్ వైపు చూస్తుంటారు. ‘క్రాసింగ్ పడింది’ అన్న ఒక్క మాటతో దాని కథ అయిపోతుంది. ఎందుకు పడింది, రేపు కూడా పడుతుందా అన్నది ఎవరూ చెప్పరు. నిజానికి చాలాసార్లు అది రేపు కూడా పడుతుంది, ఎందుకంటే టైంటేబుల్‌లోనే అలా రాసి ఉంటుంది.

రెండో చోటు నగరం ముంగిలి. మౌలాలి నుంచి సికింద్రాబాద్ ఐదారు కిలోమీటర్లు. సాఫీగా నడిస్తే పది నిమిషాల దారి. దారిలో ఆలస్యమైనా చివర్లో సర్దుకోవడానికని టైంటేబుల్ రాసేవాళ్లు ఆఖరి స్టేషన్‌కు ముందు అదనపు నిమిషాలు కలుపుతారు. రైల్వే సమయపాలనను చూసేది బండి చివరి స్టేషన్‌కు ఎన్నింటికి చేరిందన్న దాన్నిబట్టే. అక్కడికి పావుగంట లోపు తేడాతో వస్తే ‘రైట్ టైం’ కింద లెక్క. కాబట్టి మధ్యలో జనగామకు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన బండి కూడా కాగితం మీద సకాలంలో నడిచినట్టే. ఒకవేళ బండి దారంతా సమయానికి వస్తే కలిపిన నిమిషాలన్నీ ఔటర్‌లో నిలబడి కరిగించాల్సిందే. ఎలా చూసినా రోజూ వెళ్లేవాడికి నష్టమే. సంఖ్యలు బాగుండాలన్న తాపత్రయం ప్రయాణాన్ని పొడిగించింది. ఇందులో ఏ ఒక్క అధికారి తప్పూ లేదు, కొలమానమే అలా తయారైంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పొద్దుటి బండిలో 1,500 మంది ఉన్నారనుకుందాం. వందే భారత్‌కు దారి ఇవ్వడానికి దాన్ని 20 నిమిషాలు ఆపితే మొత్తం 500 మనిషిగంటలు పోయినట్టు. ఈ విశాఖ వందే భారత్‌లో 2025 జనవరిలో బోగీలు 20కి పెంచాక సీట్లు 1,440. అది పూర్తిగా నిండి ఉన్నా, దాన్ని అయిదు నిమిషాలు నెమ్మదించనిచ్చి మన బండిని తర్వాతి పెద్ద స్టేషన్ దాకా ముందు పోనిస్తే ఖర్చయ్యేది 120 మనిషిగంటలు. ప్రతి చోటా ఇలాగే తేలుతుందని కాదు. దూరపు బండి అయిదు నిమిషాలు తప్పితే ముందున్న సెక్షన్లో తన వంతు కోల్పోయి ఇంకా వెనకబడవచ్చు. కానీ ఈ లెక్క వేసి చూసి నిర్ణయించడం ఒకటి, అసలు వేయకుండానే చార్జీ ఎక్కువున్న బండికి దారివ్వడం మరొకటి. పోనూ రానూ ఇరవయ్యేసి నిమిషాలు, నెలకు 25 రోజులు అంటే ఒక్కో మనిషికి పదహారు గంటలకు పైమాటే. రెండు పూర్తి పనిదినాలు. ఆడవాళ్లకైతే ఇంటి పని అదనం, ఆ గంటలు నేరుగా నిద్రలోంచి పోతాయి.

ఇందుకు వచ్చే జవాబుల్లో బలమైనది లైన్ల కొరత. ఉత్తరాదిని దక్షిణాదితో కలిపే బళ్లూ, సింగరేణి బొగ్గు బళ్లూ, పొద్దుటి ప్యాసింజర్లూ కాజీపేట చుట్టూ అవే పట్టాల మీద తోసుకుంటాయి. కాజీపేట–విజయవాడ, కాజీపేట–బల్లార్షా, విజయవాడ–గూడూరు మూడో లైన్ల అవసరం ఇందుకే వచ్చింది. ఈ పనులు పూర్తికాకుండా పెద్ద మార్పు రాదన్నది నిజం. అయితే మూడో లైను దానంతటదే అప్ అండ్ డౌన్ జనానికి మేలు చేయదు. ఖాళీ అయిన జాగాలో మరో రెండు దూరపు బళ్లు, నాలుగు సరుకు బళ్లు వేస్తే అయిదేళ్లకు మళ్లీ మొదటికే వస్తాం. ముంబై ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. అక్కడ ఫాస్ట్ లోకల్‌కూ స్లో లోకల్‌కూ వేర్వేరు జంట పట్టాలున్నాయి. దూరపు బళ్లు ఆ దారిలో అడ్డుపడకుండా 2022 ఫిబ్రవరిలో ఠాణే–దివా మధ్య అయిదో, ఆరో లైన్లు తెరిచారు. కొత్త పట్టాలు ఎవరికోసం అన్నది అక్కడ ముందే తేల్చుకున్నారు. ఇక్కడ తేల్చుకోలేదు.

రెండో జవాబు హాల్టుల గురించి. ప్రతి ఊరివాళ్లూ ఎంపీ దగ్గరికి వెళ్లి తమ స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఆపించమని అడుగుతారు, ఆపించాక బండి నెమ్మదించిందని వాళ్లే ఫిర్యాదు చేస్తారు అంటారు రైల్వేవాళ్లు. ఈ మాటలో నిజం ఉంది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ అందుకు సాక్ష్యం. ఒకప్పుడు దేశంలోకెల్లా వేగంగా నడిచే ఆవిరి ఇంజన్ బళ్లలో ఒకటిగా పేరు తెచ్చుకున్న బండి అది. ఇప్పుడు కరెంటు ఇంజనుతో గుంటూరు నుంచి సికింద్రాబాద్‌కు 383 కిలోమీటర్లకు దాదాపు ఎనిమిది గంటలు తీసుకుంటోంది. హాల్టు మీద హాల్టు చేర్చుకుంటూ పోయిన ఫలితం. కానీ ఊళ్లవాళ్లు హాల్టు ఎందుకు అడుగుతున్నారు? వాళ్ల ఊళ్లో ఆగే మామూలు బండి నమ్మకంగా లేదు గనక, ఉన్నా పనివేళకు చేరదు గనక. ప్రతి స్టేషన్‌లో ఆగే బండి ఒకటి, నాలుగైదు పెద్ద స్టేషన్లలో మాత్రమే ఆగే పొద్దుటి ఎక్స్‌ప్రెస్ మరొకటి, ఈ రెండూ ఒకదానికొకటి అందేలా నడిస్తే హాల్టుల ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. రెంటినీ ఒకే బండిలో కుక్కితే ఇద్దరికీ చెడుతుంది.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో–శాన్‌హోసే మధ్య నడిచే క్యాల్‌ట్రైన్ చరిత్ర ఈ విషయంలో చాలా నేర్పుతుంది. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ, పాలో ఆల్టోల్లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు బాగా తెలిసిన లైను. గంటన్నర పట్టే ఆ దారిలో 2004 జూన్‌లో ‘బేబీ బుల్లెట్’ బళ్లు మొదలై గంటలోపు చేర్చాయి. అందుకోసం పూర్తిగా కొత్త లైనేమీ వేయలేదు. రెండు చోట్ల మాత్రం అదనపు పట్టాలు వేశారు. అక్కడ లోకల్ పక్కకు తప్పుకోగానే ఎక్స్‌ప్రెస్ ఆగకుండా దాటిపోతుంది. ఆ పనుల కోసం రెండేళ్లు శని, ఆదివారాల బళ్లు ఆపేశారు. కోవిడ్‌తో 2020 మార్చిలో ఈ వేగపు బళ్లు ఆగాయి, ఇంట్లోంచి పనిచేసే వీలులేనివాళ్లు నెమ్మదిబళ్లలోనే తిరిగారు. 2021 ఆగస్టు చివర్లో వాటిని వెనక్కి తెచ్చారు. 2024 సెప్టెంబరులో లైనంతా కరెంటు బళ్లు వచ్చాక అన్నిచోట్లా ఆగే లోకల్ కూడా సుమారు 100 నిమిషాల నుంచి 77 నిమిషాల దగ్గరికి దిగింది. ఆ బళ్లలో మోటార్లు చాలా ఇరుసుల మీద ఉంటాయి, ఆగిన చోటునుంచి వెంటనే అందుకుంటాయి. మన మెమూ బళ్ల సూత్రమూ ఇదే. కాజీపేట మార్గంలో కరెంటు తీగలు దశాబ్దాల క్రితమే వచ్చాయి. కావలసింది ఆ తీగల కింద సరైన బళ్లు.

డబ్బు మాట కూడా దాటేయకూడదు. ప్రతి టికెట్ మీద సగటున 46 శాతం తామే భరిస్తున్నామని, ఏటా ఇది 56,993 కోట్ల రూపాయలని రైల్వే శాఖ 2024లో చెప్పింది. పాస్ మీద వెళ్లేవాడి దగ్గర వచ్చేది ఇంకా తక్కువ. నష్టం వచ్చే బండికి మంచి సమయం ఎందుకివ్వాలన్నది పైకి అనని ప్రశ్న. నా దృష్టిలో ఈ నష్టంలో కొంత నెమ్మదితనం తెచ్చిపెట్టినదే. మూడు గంటలు తీసుకునే బండి పొద్దుటి రద్దీలో ఒక్క ట్రిప్పే వేయగలదు. రెండు గంటల్లో చేర్చగలిగితే అదే బోగీలు, అదే సిబ్బంది మధ్యాహ్నంలోపు మరో ట్రిప్పు వేస్తాయి. బండి నిలబడిన ప్రతి నిమిషానికీ లోకో పైలట్ జీతం, ప్లాట్‌ఫాం జాగా ఖర్చవుతూనే ఉంటాయి. ఢిల్లీ–మీరట్ 82 కిలోమీటర్లకు 30,274 కోట్ల అంచనాతో నమో భారత్ లైను కట్టారు, గంటలోపు ప్రయాణం దాని లక్ష్యం. ఆ ఖర్చులో కొద్దిపాటి వాటాను ఇప్పుడున్న పట్టాల మీద ఓవర్‌టేక్ లూపులకూ, పాయింట్ల మీద వేగం పెంచే పనులకూ పెడితే చాలామంది బతుకులు మారతాయి.

ఆర్టీసీ బస్సులున్నాయి కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్లకు ఉచితం కూడా. ఇది చాలామంది పేద స్త్రీలకు పెద్ద ఊరట. కానీ బస్సు డబ్బు మిగులుస్తుంది, సమయం మిగల్చదు. వరంగల్ రహదారి వెడల్పయినా నగరంలోకి వచ్చేచోట ఉప్పల్ దగ్గర బస్సు ఆగిపోతుంది. అక్కడ 2018లో మొదలైన నారపల్లి ఫ్లైఓవర్ ఏళ్ల తరబడి స్తంభాల దగ్గరే ఉండిపోయి రద్దీని ఇంకా పెంచింది. ఇక మగవాళ్లు బైకుల మీద హైవే ఎక్కుతున్నారు. రైలు నెమ్మదిస్తే జనం రోడ్డు మీదికి వెళ్తారు, రోడ్డు ప్రమాదాల్లో ఆ ఖర్చు తేలుతుంది. అది రైల్వే ఖాతాలో ఎక్కడా పడదు.

భద్రత పేరుతో వచ్చే అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. 2023 జూన్‌లో బాలాసోర్ రైలు ప్రమాదం చూశాక పట్టాల మరమ్మతుకూ, సిగ్నలింగ్ పనులకూ బళ్లు ఆపితే ఎవరూ అడ్డుచెప్పకూడదు. బళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థను మొదట పెద్దఎత్తున అమర్చింది దక్షిణ మధ్య రైల్వేలోనే అన్నది గర్వించదగ్గ విషయం. అడిగేదల్లా, పని కోసం కలిపిన నిమిషాలు పని అయ్యాక తీసేయమని. ఏ సెక్షన్లో ఎన్ని నిమిషాలు ఎందుకు కలిపారో, ఎప్పటిదాకానో బహిరంగంగా చెప్పమని. తాత్కాలికమని కలిపినవి టైంటేబుల్‌లో స్థిరపడిపోతే భద్రతకు వచ్చే లాభమేమీ లేదు.

హైదరాబాద్ నగరం లోపల నడిచే లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఇదే కథను చిన్న దూరంలో చెబుతుంది. 2003 ఆగస్టులో మొదలై, కోవిడ్‌కు ముందు రోజుకు 121 ట్రిప్పులతో లక్షన్నర మందికి పైగా మోసింది. 2020 మార్చి నుంచి 2021 జూన్ దాకా పూర్తిగా ఆగిపోయింది. తిరిగి వచ్చాక ట్రిప్పులు తగ్గాయి, నమ్మకం తగ్గింది, అందులో సగం జనమైనా వెనక్కి రాలేదు. మెట్రోకు వెళ్లారనడం పాక్షిక సత్యమే. కనీస చార్జీ అయిదు రూపాయలున్న బండిని వదిలి ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి మెట్రో ఎక్కారంటే, వాళ్లు కొన్నది సమయం మీద భరోసాను. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ తెరిచాక, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం కోసం కొన్ని బళ్లు అటు మళ్లాక, ఎంఎంటీఎస్ అవసరం ఇంకా పెరిగింది. నగరం అంచున దించిన మనిషికి లోపలికి వెంటనే బండి అందకపోతే, అతని ప్రయాణం రైల్వే లెక్కలో తగ్గినా నిజంలో పెరిగినట్టే.

ఏం చేయాలన్నది ఇంజనీర్లకు తెలియనిదేమీ కాదు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నగరం వైపూ, సాయంత్రం తిరుగు వైపూ కొన్ని బళ్లను లూప్‌లో పెట్టకూడదని నియమం చేసుకోవచ్చు. సమయపాలనను చివరి స్టేషన్‌లోనే కాక జనగామ, ఏలూరు, తెనాలి, తుని లాంటి మధ్య స్టేషన్లలోనూ కొలిచి నెలనెలా ప్రకటించవచ్చు. వీటికి కొత్త పట్టాలు అక్కర్లేదు. మొదటి పని చేస్తే కొన్ని దూరపు బళ్లు కొన్ని నిమిషాలు ఆలస్యమవుతాయి. ఆ మాట దాచకుండా చెప్పి చేయాలి.

ఆంధ్రప్రదేశ్‌కు ఇప్పుడు ఒక అవకాశం చేతిలో ఉంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అంతకుముందు 2024 అక్టోబరులో ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు 2,245 కోట్లతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రాజధాని అమరావతి నిండితే విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచి రోజూ వేలమంది ఆ లైను మీదే పనికి వెళ్తారు. ఏ స్టేషన్లలో లోకల్‌ను దాటి ఎక్స్‌ప్రెస్ పోయేలా పట్టాలు వేయాలి, పాయింట్లు 30కా 50కా, పొద్దున ఎన్ని నిమిషాలకో మెమూ నడపాలి అన్నవి డ్రాయింగు దశలోనే తేలిపోతాయి. ఆ డ్రాయింగులు ఖరారు కాకముందే పాస్ కొనుక్కునే ప్రయాణికుల సంఘాలను పిలిచి కూర్చోబెట్టి, పొద్దుటి టైంటేబుల్‌ను ముందు రాసి, దానికి తగ్గట్టు పట్టాలు గీయాలి.